కాంతి ఏ పదార్థం గుండా పోతుంది?

గాజు గుండా కాంతి ఎందుకు పోతుందని అడిగితే, ‘పరమాణువుల మధ్య ఖాళీలుంటాయి కనుక’ అని రాసిన జవాబు పత్రాలు వందల్లో దిద్దాను. మీరు ఆ పొరపాటు చేయకండి. వజ్రం, సిలికాన్‌లది ఒకే రకం స్ఫటిక నిర్మాణం. వజ్రంలోనే పరమాణువులు ఇంకా దగ్గరగా ఉంటాయి. అయినా పారదర్శకమైనది వజ్రమే.

కారణం ఎలక్ట్రాన్ల శక్తిలో ఉంది. వేలన్సీ పట్టీలోని ఎలక్ట్రాన్ వహన పట్టీకి చేరాలంటే వాటి మధ్యనున్న శక్తి అంతరానికి సరిపడే ఫోటాన్ కావాలి. దృగ్గోచర కాంతి ఫోటాన్ల శక్తి సుమారు 1.6 నుంచి 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు. వజ్రంలో అంతరం 5.5. ఏ రంగు ఫోటాన్ కూడా చాలదు. అందుకే కాంతి శోషణ చెందకుండా సాగిపోతుంది. సిలికాన్‌లో అంతరం 1.1 మాత్రమే, కనబడే రంగులన్నింటినీ అది శోషించగలదు. కానీ అదే సిలికాన్, 1.1 మైక్రోమీటర్లకు మించిన తరంగదైర్ఘ్యం గల సమీప పరారుణ కాంతికి పారదర్శకం! కాబట్టి ‘పారదర్శకం’ అని రాసినప్పుడు ఏ తరంగదైర్ఘ్యానికో కూడా రాయండి.

తెల్ల కాగితం సంగతి వేరు. దానిలోని సెల్యులోజ్ దృగ్గోచర కాంతిని దాదాపు శోషించదు. పోగుల వక్రీభవన గుణకం సుమారు 1.5, వాటి మధ్యనున్న గాలిది 1. ఈ తేడా వల్ల కాంతి ప్రతి సరిహద్దు దగ్గరా దారి మళ్లి చెల్లాచెదురవుతుంది. ఇదే పరిక్షేపణ. బజ్జీలు కట్టిన కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూడండి. నూనె మరక పడినచోట వెలుగు అవతలి నుంచి కనబడుతుంది. గాలి ఉన్న చోటికి సుమారు 1.47 గుణకం గల నూనె చేరింది, అంతే.