కర్మాగారములలో సరుకు నిల్వల లెక్క: ఈ.ఆర్.పి. విధానము
(కోయంబత్తూరు, షోలాపురము పరిశ్రమల నిదర్శనములతో)

కర్మాగారము నడుపువారికి ప్రతిదినము ఎదురగు ప్రశ్న ఒకటి కలదు. కొటారునందు ఏ సరుకు ఎంత ఉన్నది? ప్రశ్న చిన్నదే. కాని పుస్తకములోని అంకెయు, అరలోని సరుకును ఏకీభవింపనిచో ఒప్పుకొన్న గడువు తప్పును, పెట్టుబడి చిక్కుపడును, దోషము ఎవరిదో తెలియక నమ్మకస్థుడైన పనివానిపై అనుమానము వ్రాలును. కావున నిల్వల లెక్క గుమాస్తా పని మాత్రమే కాదు. పరిశ్రమకు అది పునాది వంటిది.

ఈ విషయము ప్రాచీనులకు తెలియనిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము కోష్ఠాగారాధ్యక్షుని విధులకు ఒక అధ్యాయమును ప్రత్యేకించినది. పాత నిల్వను క్రొత్త సరుకుతో మార్చుచుండవలెనను నియమము అందు కలదు. ముందు వచ్చిన సరుకు ముందు వాడుకకు పోవలెనని నేటి గణకులు చెప్పు సూత్రమునకు ఇది సన్నిహితము. 1494లో వెనిస్ నగరమున ప్రకటితమైన తన గ్రంథములో లూకా పాచియోలీ జంటపద్దు విధానమును వివరించుచు, వర్తకుడు మొదట తనకున్న ఆస్తుల, సరుకుల జాబితా వ్రాసికొనవలెనని బోధించెను. తెలుగు వర్తకులును చిట్టాలో ఏనాటి పద్దు ఆనాడు వ్రాసి, ఆవర్జాలోనికి ఖాతాలవారీగా ఎత్తి వ్రాయు అలవాటు కలవారే.

ఐనను వర్తకుని లెక్కకును ఉత్పత్తిదారుని లెక్కకును గొప్ప భేదము కలదు. వర్తకుడు బస్తా కొనును, బస్తా అమ్మును. ఉత్పత్తిదారుడు కొన్నది ఒకటి, అమ్మునది వేరొకటి. ఇనుము పంపుగా మారును, నూలు తువ్వాలుగా మారును. ఆ మార్పు నడుమ సరుకు రూపము, పేరు, కొలమానము, విలువ అన్నియు మారిపోవును. నిల్వల లెక్కలోని క్లేశమంతయు ఈ నడిమి దశయందే ఉన్నది.

రెండు తెలుగు పరిశ్రమ కేంద్రములు

తమిళనాడులోని కోయంబత్తూరు ప్రాంతమున తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబములు వ్యవసాయమునుండి పరిశ్రమలకు మరలిన చరిత్ర సుప్రసిద్ధము. 1930ల దశకములో పైకారా జలవిద్యుత్తు అందుబాటులోనికి వచ్చిన పిమ్మట లోతైన బావులనుండి నీరు తోడుటకు మోటార్ల అవసరము పెరిగెను. 1937లో జి. డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు గార్ల కృషిచేత అక్కడ విద్యుత్ మోటారు రూపొందెను. పోతపని, లేతుపని, పంపుల తయారీ ఆ నగరమునకు కీర్తి తెచ్చినవి. మహారాష్ట్రలోని షోలాపురమున తెలంగాణమునుండి వలసవెళ్లిన పద్మశాలీలు మగ్గములను నెలకొల్పిరి. షోలాపురి చద్దరులకు, టెర్రీ తువ్వాళ్లకు భౌగోళిక గుర్తింపు లభించినది.

ఈ రెండుచోట్లను పెక్కు కర్మాగారములు కుటుంబ సంస్థలే. ఏ అరలో ఏమున్నదో పెద్దవారికి కంఠస్థముగా తెలిసియుండును. పది మగ్గములున్నంతవరకు ఆ జ్ఞాపకశక్తి చాలును. పని విస్తరించి, తరము మారినప్పుడు జ్ఞాపకము కుమారునికి వారసత్వముగా రాదు. వ్రాసిన లెక్క మాత్రమే వచ్చును.

ఈ.ఆర్.పి. అనగానేమి?

ఎంటర్‌ప్రైజ్ రిసోర్స్ ప్లానింగ్ అను మాటలకు ఈ.ఆర్.పి. సంక్షిప్త రూపము. కొనుగోలు, కొటారు, ఉత్పత్తి, అమ్మకము, జమాఖర్చు ఇవన్నియు ఒకే లెక్కనుండి నడచునట్లు కూర్చిన కంప్యూటరు విధానమిది. దీనికి మూలము 1960ల దశకమున అమెరికా కర్మాగారములలో పుట్టిన సామగ్రి అవసరముల గణనము. జోసెఫ్ ఆర్లికీ 1975లో ప్రకటించిన గ్రంథము దానికి శాస్త్రరూపము నొసగెను. తయారగు వస్తువునకు గిరాకీ ఎంతయో అంచనా వేయవలసినదే కాని, అందలి భాగముల గిరాకీని అంచనా వేయనక్కరలేదు, లెక్కించి తెలిసికొనవచ్చునని ఆయన సిద్ధాంతము. ఆపైన ఆలివర్ వైట్ వంటివారు దానిని విస్తరించిరి. 1972లో జర్మనీలో శాప్ సంస్థ స్థాపితమైనది. 1990లో గార్ట్‌నర్ సంస్థ ఈ.ఆర్.పి. అను పేరును వాడుకలోనికి తెచ్చెను. నేడు చిన్న పరిశ్రమలకు తగిన ఈ.ఆర్.పి.నెక్స్ట్ వంటి ప్రోగ్రాములు మన దేశముననే తయారగుచున్నవి.

ఈ విధానమునకు ఆయువుపట్టు బిల్ ఆఫ్ మెటీరియల్స్ అను భాగముల పట్టిక. ఒక పంపుసెట్టునకు పోత శరీరము ఒకటి, ఇంపెల్లరు ఒకటి, షాఫ్టు ఒకటి, బేరింగులు రెండు, రాగి తీగ ఇన్ని కిలోలు, స్టాంపింగులు ఇన్ని అని అందు వ్రాసియుండును. ఆర్డరు రాగానే కంప్యూటరు ఈ పట్టికను విడదీసి, ఉన్న నిల్వను, రావలసిన సరుకును తీసివేసి, కొనవలసినది ఎంతయో చెప్పును.

ఒక ఉదాహరణము చూడుడు. 200 పంపులకు ఆర్డరు వచ్చినది. లెక్క ప్రకారము షాఫ్టులు 150 ఉన్నవి, మరి 50 రావలసియున్నవి. కొనవలసినది లేదని కంప్యూటరు చెప్పును. కాని అరలో నిజముగా ఉన్నవి 110 మాత్రమే. 160 పంపులు బిగించిన పిదప పని నిలిచిపోవును. తక్కువైనవి 40 షాఫ్టులే. ఐనను వానితోపాటు 40 పంపులకు చాలిన పోతలు, బేరింగులు, రాగి, వానిపై పెట్టిన ధనము అంతయు కదలక పడియుండును. కంప్యూటరు కూడికలో తప్పు లేదు. దానికి అందిన అంకె తప్పు.

ఒక్కొక్క తప్పు చిన్నదైనను అవి గుణించుకొనును. పది భాగములు గల యంత్రములో ఒక్కొక్క భాగము లెక్క సరియైనదగుటకు నూటికి 95 పాళ్లు అవకాశమున్నదనుకొందము. ఈ తప్పులు ఒకదానితో ఒకటి సంబంధము లేనివైనచో పది లెక్కలును ఒకేసారి సరిగా ఉండుటకు అవకాశము నూటికి ఇంచుమించు 60 పాళ్లే. ఇరువది భాగములైనచో అది 36కు దిగును. ఒక్కొక్క లెక్క 99 పాళ్లు సరియైనదైనచో పది భాగములకు 90 పాళ్లు దక్కును. 95 శాతమునకు తక్కువైన లెక్కపై ఉత్పత్తి ప్రణాళిక నిలువదని నిపుణులు చెప్పుటకు కారణమిదే.

లెక్క తప్పు త్రోవలు

మొదటిది పేర్ల గందరగోళము. బహుభాషా ప్రాంతములలోని తెలుగువారికి ఇది విశేషముగా అనుభవములోనిది. యజమానికి నూలు, మరాఠీ పనివానికి సూత, కొనుగోలు బిల్లులో యార్న్. మూడు పేర్లును మూడు సరుకులుగా కంప్యూటరునకు ఎక్కినచో ఒక పేరుక్రింద నిల్వ మిగిలియుండగా మరియొక పేరుతో క్రొత్త కొనుగోలు జరుగును. కావున ఒక సరుకునకు ఒకే సంకేతము ఉండవలెను. క్రొత్త సంకేతమును సృష్టించు అధికారము ఒక్కరికే ఉండవలెను. మాటలాడునప్పుడు ఎవరి భాషలో వారు పిలుచుకొనవచ్చును.

రెండవది కొలమానము. నూలు కిలోలలో కొందురు, పడుగు పొడవు మీటర్లలో చూతురు, తువ్వాళ్లు డజన్లలో అమ్ముదురు. ఒక పౌను బరువులో 840 గజముల చిలపలు ఎన్ని ఉండునో ఆ సంఖ్యయే ఇంగ్లీషు పద్ధతిలో నూలు కౌంటు. 20వ నంబరు ఒంటిపోగు నూలు కిలోకు సుమారు 33,870 మీటర్లు వచ్చును. మార్పిడి అంకె ఒక్కచోట తప్పైనచో ఆపై లెక్క అంతయు తప్పగును. ఇంతేకాక ప్రత్తినూలు గాలిలోని తేమను పీల్చుకొనును. వ్యాపార ప్రమాణము ప్రకారము 100 కిలోల పొడి నూలు 108.5 కిలోలుగా లెక్కింపబడును. ఎండకాలమున బరువు తగ్గును, వానకాలమున పెరుగును. పడుగునకు పెట్టిన గంజి బరువు నిచ్చును, తడిపనిలో అది పోవును. కావున ఇట్టి సరుకులకు కొంత హెచ్చుతగ్గును అనుమతించు హద్దును ముందే నిర్ణయించుట న్యాయము. బేరింగుల వంటి ఎంచదగిన వస్తువులకు అట్టి మినహాయింపు పనికిరాదు.

మూడవది వ్యర్థము. పోతకొలిమిలో 1,000 కిలోల లోహము కరగించినప్పుడు 600 కిలోల మంచి పోతలు రాగా, 330 కిలోలు కాలువల ముక్కలుగాను, చెడిన పోతలుగాను మిగిలి, 70 కిలోలు నష్టమైనదనుకొందము. ఆ 330 కిలోలు మరల కొలిమికి పోవును. దానిని క్రొత్తగా కొన్న తుక్కు పద్దులో వ్రాసినచో ఒకే లోహము రెండుమారులు లెక్కకు వచ్చును. అసలు వ్రాయనిచో దాని జాడయే తెలియదు. వాపసు లోహమునకు వేరు ఖాతా ఉండుటయే మార్గము.

నాలుగవది కాలము. సరుకు ఉదయము వాడి, పద్దు సాయంకాలము వ్రాయుట సామాన్యమైన అలవాటు. ఆ నడుమ చూచినవారికెల్ల తప్పు అంకెయే కనబడును. అర్ధరాత్రి పాళీలో కొటారు తాళము తీయించుకొని తీసికొనిపోయిన బేరింగు చీటీ లేకయే పోవును. కొన్ని ప్రోగ్రాములు నిల్వ సున్నకు దిగువకు పోవుటకును అనుమతి నిచ్చును. లేని సరుకును ఇచ్చినట్లు వ్రాయుట దీని అర్థము. ఆ అనుమతిని మూసివేసినచో, రాబడి పద్దు వ్రాయక ఖర్చు పద్దు వ్రాయుట సాధ్యపడదు.

ఐదవది స్వయంచాలకపు తీసివేత. పంపు తయారైనదని వ్రాయగానే పట్టికలోని భాగములన్నింటిని కంప్యూటరు తానే నిల్వనుండి తీసివేయును. ఇది శ్రమ తగ్గించును. కాని బిగించునప్పుడు ఒక సీలు విరిగి రెండవది వాడినచో ఆ సంగతి చెప్పువారు లేనిదే కంప్యూటరునకు తెలియదు. పట్టిక సరిగా లేనిచోట ఈ సౌకర్యము తప్పును దినదినము పెంచును.

ఆరవది బయటి పని. షాఫ్టులు రుబ్బుటకో, నూలు అద్దుటకో వేరొక షెడ్డునకు పోయిన సరుకు కంటికి కనబడకున్నను యజమానిదే. దానికి ప్రత్యేక స్థానము పేర పద్దు ఉండవలెను. 2017 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన జి.ఎస్.టి. చట్టము దీనిని మరింత ముఖ్యమొనర్చినది. పన్ను చెల్లింపక బయటి పనికి పంపిన ముడిసరుకు ఒక సంవత్సరములో తిరిగి రావలెను, లేదా అక్కడినుండియే అమ్ముడుపోవలెను. గడువు పొడిగింపు లేక అట్లు జరుగనిచో పంపిన దినముననే అమ్మినట్లు చట్టము భావించును.

ఎంచుట, సరిదిద్దుట

ఏడాదికొకమారు కర్మాగారము మూసి సరుకంతయు ఎంచు ఆచారము చాలకాలముగా ఉన్నది. జమాఖర్చునకు అది ఉపయోగించును గాని లెక్కను బాగుచేయదు. పదినెలల క్రింద జరిగిన తప్పునకు కారణము ఎవరికిని జ్ఞాపకముండదు. దినమునకు కొన్ని సరుకుల చొప్పున సంవత్సరము పొడుగున ఎంచు విధానము మేలైనది. అన్నిటిని సమముగా ఎంచనక్కరలేదు. 1951లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన ఫోర్డ్ డికీ వివరించిన ఏ, బీ, సీ విభజనము ఇందుకు సహాయపడును. విలువలో సింహభాగము కొలది సరుకులదే. రాగి తీగ వంటివానిని నెలకొకమారు, మధ్యరకమును మూడు నెలలకు, మరలు, వాషర్లు వంటివానిని ఏడాదికి ఒకటిరెండుమారులు ఎంచిన చాలును.

ఎంచువానికి పుస్తకములోని అంకె ముందుగా చూపరాదు. చూపినచో కన్ను ఆ అంకెనే వెదకును. భేదము కనబడినప్పుడు వెంటనే సరిదిద్దుపద్దు వ్రాయక, మరల ఎంచి, వ్రాయని చీటీలు వెదకి, కారణము కనుగొనవలెను. కారణము తెలియక అంకెను మార్చుట జ్వరమాని పగులగొట్టి జ్వరము తగ్గినదనుట వంటిది.

ఖచ్చితత్వమును రూపాయల మొత్తముతో కొలువరాదు. ఒక బేరింగు పది ఎక్కువై, అదే ధరగల మరియొకటి పది తక్కువైనచో మొత్తము భేదము సున్న. కాని రెండు లెక్కలును తప్పే. నూరు సరుకులు ఎంచగా 92 సరిపోయినచో ఖచ్చితత్వము 92 శాతము.

చట్టదృష్టిలోను ఈ లెక్కకు విలువ కలదు. ముడిసరుకు, తయారైన వస్తువు, తుక్కు, పోయినది, పాడైనది అన్నిటికి పద్దులుండవలెనని జి.ఎస్.టి. నియమములు చెప్పుచున్నవి. పోయిన, చెడిన సరుకుపై పొందిన పన్ను జమను వదలుకొనవలసియుండును. 2023 ఏప్రిల్ 1నుండి కంపెనీలు వాడు జమాఖర్చు ప్రోగ్రాములలో పద్దు మార్చినప్పుడెల్ల మార్పు జాడ చెరపరానట్లు నిలిచియుండవలెను. రహస్యముగా దిద్దిన లెక్కకు ఇక తావు లేదు.

ఉపసంహారము

ఈ.ఆర్.పి. కొనుట సులభము. దానికి నిజము చెప్పు అలవాటు చేసికొనుట కష్టము. సరుకు కదలినప్పుడే పద్దు వ్రాయవలెను. ఒక సరుకునకు ఒకే పేరు, ఒకే స్థానము ఉండవలెను. విరిగినది విరిగినట్లు వ్రాసినవాని జీతమునుండి దాని వెల కోయరాదు. కోసినచో మరునాటినుండి విరిగినది ఎవడును వ్రాయడు, లెక్క మరల అబద్ధమగును. ఖచ్చితమైన నిల్వలెక్క యజమానికి పెట్టుబడిని కాపాడును. అంతకు మించి, కొటారు తాళపుచెవి పట్టుకొన్న పనివానికి అది సాక్షిగా నిలుచును. పరదేశమున కాలూని, చేతిపనితోను మాటనమ్మకముతోను పరిశ్రమలు నిలిపిన కుటుంబములకు ఆ రెండును రక్షింపదగినవే.