లా చదివితే వచ్చేది నల్లకోటు ఒక్కటేనా?

నేను బీకాం చదివాను. బ్యాలెన్స్ షీట్ చూపిస్తే అప్పెంత, ఆస్తెంత చెప్పేస్తాను. కానీ రెండేళ్ల కింద హైదరాబాద్‌లో గది అద్దెకు తీసుకున్నప్పుడు నాలుగు పేజీల అగ్రిమెంటు మీద ఒక్క లైను కూడా చదవకుండా సంతకం పెట్టాను. ఆరు నెలలకే ఖాళీ చేయాల్సి వచ్చింది. అడ్వాన్సు అడిగితే ఓనరు మూడో పేజీ తీసి చూపించాడు. 11 నెలలు నిండకుండా వెళ్లిపోతే అడ్వాన్సు తిరిగి రాదని అందులో రాసి ఉంది. కింద నా సంతకమే.

ఆ కాగితాన్ని నాకు విడమర్చి చెప్పింది మా ఖాలా కూతురు. నాకన్నా నాలుగేళ్లు చిన్నది, అప్పుడు లా మొదటి సంవత్సరం. "ఏడాదికి లీజు రాస్తే రిజిస్ట్రేషన్ చేయించాలి భాయ్, అందుకే అందరూ 11 నెలలని రాస్తారు. అది సరే, సంతకానికి ముందు చదువుకోవచ్చు కదా" అంది. డబ్బు పోయినందుకన్నా ఆ మాటకే ఎక్కువ సిగ్గేసింది.

మన ఇళ్లలో పిల్లలు పెద్దవాళ్లయ్యారని ఎప్పుడంటాం? అబ్బాయి గల్ఫ్ నుంచి మొదటిసారి డబ్బు పంపినప్పుడు. అమ్మాయికి నికా అయినప్పుడు. ఈ రెండూ కానివాళ్లు 23 ఏళ్లొచ్చినా పిల్లలే. మా చెల్లెలు ఈ రెండు దారుల్లోనూ వెళ్లకుండానే పెద్దదైంది. దగ్గరుండి చూశాను కాబట్టి, డిగ్రీ అయిపోయి "ఇప్పుడేంటి" అనుకుంటున్న ఇళ్ల కోసం ఇది రాస్తున్నాను.

లా అంటే సెక్షన్లు బట్టీ పట్టడమే అనుకుంటారు చాలామంది. ఆ పనీ ఉంది, కాదనను. కానీ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో ప్రాక్టికల్ పేపర్లు కూడా తప్పనిసరి. కోర్టుకెళ్లి ఒక సివిల్ కేసు, ఒక క్రిమినల్ కేసు విచారణ చూసి రికార్డు రాయాలి. వకీలు ఆఫీసులో కూర్చుని, వచ్చిన మనిషితో ఎలా మాట్లాడతారో గమనించాలి. మూట్ కోర్టులో, అంటే కాలేజీలో పెట్టే ఉత్తుత్తి కోర్టులో, ఇచ్చిన పక్షం తరఫున వాదించాలి. ఏ పక్షమో ఎంచుకునే అవకాశం సాధారణంగా ఉండదు.

మా చెల్లెలికి ఇచ్చిన కేసు తెలంగాణ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన భరణం కేసు. విడాకులైన భార్యకు నెలకు 20,000 రూపాయల మధ్యంతర భరణం ఇవ్వాలని ఫ్యామిలీ కోర్టు చెప్పింది, హైకోర్టు దాన్ని 10,000కు తగ్గించింది. ముస్లిం మహిళలకు 1986 నాటి ప్రత్యేక చట్టం ఉంది కాబట్టి సీఆర్‌పీసీ 125 కింద అడగడం కుదరదని భర్త వాదన. 2024 జూలై 10న సుప్రీంకోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. 1986 చట్టం ఉన్నంత మాత్రాన 125 కింద అడిగే హక్కు పోదని చెప్పింది.

ఈమెకు వచ్చింది భర్త పక్షం! వారం రోజులు ఇంట్లో గొణుక్కుంటూ ప్రాక్టీసు చేస్తుంటే నానీకి కోపమొచ్చింది. "ఆడపిల్లవై ఉండి వాడి తరఫున మాట్లాడతావా" అని. చివరికి ఓడిపోయింది. కానీ ఆ తర్వాత ఇంట్లో ఏ గొడవొచ్చినా ఆమె మొదట అడిగేది "అవతలివాళ్లు ఏమంటున్నారు?" అనే. మా మామూల మధ్య ఇంటి వాటా తగాదా నడుస్తున్నప్పుడు ఆ ప్రశ్న అడిగిన మనిషి మా ఖాందాన్‌లో ఆమె ఒక్కతే. తగాదా ఇంకా తెగలేదు, అది వేరే సంగతి.

రెండో ఏడాది ఇంటర్న్‌షిప్‌లో ఇంకోటి జరిగింది. ఖులా గురించి అడగడానికి మా మొహల్లా నుంచే ఒకావిడ ఆ వకీలు ఆఫీసుకు వచ్చింది. చెల్లెలు అక్కడే కూర్చుని నోట్స్ రాసుకుంది. సాయంత్రం ఖాలా అడిగింది, ఎవరొచ్చారు ఈరోజు అని. చెప్పనంది. క్లయింటు చెప్పిన మాట వకీలు బయట పెట్టకూడదు, ఆఫీసులో పనిచేసేవాళ్లూ పెట్టకూడదు. "అమ్మీకే చెప్పనంత పెద్దదానివయ్యావా" అని ఖాలా రెండు రోజులు మాట్లాడలేదు. మన మొహల్లాల్లో ఒక మాట ఎంత వేగంగా తిరుగుతుందో తెలిసినవాళ్లకు ఆ మౌనం ఎంత కష్టమో తెలుస్తుంది.

ఇక డబ్బు సంగతి, దాచకుండా చెబుతాను. లా పూర్తవగానే సంపాదన మొదలవదు. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామాల్లో 15,000 ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది. అది సూచన మాత్రమే. పెట్రోల్ ఖర్చులతో సరిపెట్టే సీనియర్లు ఉన్నారు. డిగ్రీ కాగానే జడ్జి పరీక్ష రాస్తుందిలే అని మా ఖాలూ ఆశపడ్డారు. 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పుతో సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరైంది. ఆయన లెక్క మారిపోయింది. ఒక మంచి కబురు: 2024 జూలైలో వచ్చిన ఇంకో తీర్పు ప్రకారం వకీలుగా ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలకు మించకూడదు, ఎస్సీ, ఎస్టీలకైతే 125. ఆ తర్వాత ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్ కూడా పాసవ్వాలి.

చేరడానికి మూడేళ్ల కోర్సుకు డిగ్రీ ఉండాలి, ఐదేళ్ల కోర్సుకు ఇంటర్ చాలు. రెండు రాష్ట్రాల్లోనూ లాసెట్ ఉంది. 120 ప్రశ్నలు, గంటన్నర టైము. తెలంగాణలో తెలుగుతో పాటు ఉర్దూ కూడా ఎంచుకోవచ్చు. నల్సార్‌కు, విశాఖలోని దామోదరం సంజీవయ్య వర్సిటీకి వెళ్లాలంటే క్లాట్ రాయాలి, దానికి ఇంగ్లీష్ బాగా ఉండాలి. రిజర్వేషన్ దగ్గర మనవాళ్లు తరచూ పొరబడతారు. షేక్ తదితర వర్గాలు బీసీ-ఈ, 4 శాతం. దూదేకుల, నూర్‌బాషా వాళ్లు బీసీ-బీ. సయ్యద్, పఠాన్, మొఘల్ బీసీ-ఈలో లేరు. సర్టిఫికెట్ కోసం కౌన్సెలింగ్ ముందు రోజు పరిగెత్తకండి, ఇప్పుడే తీసి పెట్టుకోండి.

మా చెల్లెలు ఇప్పుడు ఆఖరి సంవత్సరం. సంబంధం కుదిరింది, పరీక్షల తర్వాత నికా. మొన్న ఆమె ఖాలూని ఒకటే అడిగింది: "అబ్బా, నికానామా కాగితం ముందే తెప్పించండి, చదువుకుంటాను." మా ఇళ్లలో ఆ కాగితాన్ని నికా రోజు తప్ప ముందు చూసినవాళ్లు లేరు. ఖాలూ మొదట చిరాకు పడ్డారు, అబ్బాయివాళ్లు ఏమనుకుంటారో అని. మర్నాడు ఖాజీ సాబ్ దగ్గరికి వెళ్లి ఖాళీ ఫారం తెచ్చారు.

మెహర్ ఎంత, వెంటనే ఇచ్చేదెంత, తర్వాత ఇచ్చేదెంత అని విడివిడిగా రాయాలని ఆమె పెన్సిల్‌తో గుర్తు పెట్టింది. ఇవ్వని మెహర్ భర్త మీద అప్పేనని ఖాలాకు చెప్పింది. తలాక్ హక్కును భార్యకు కూడా అప్పగించే షరతు రాయించాలా వద్దా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. నానీ వద్దంటోంది, ఖాలా ఏమీ అనడం లేదు. అబ్బాయి చదివి చెబుతానన్నాడట. ఆ ఫారం జిరాక్సు ఇప్పుడు వాళ్లింట్లో ఉంది.