మిట్ట ఎక్కించేది ఇంజనా, అభిమానమా?

తిరుపతి: సినిమా హీరోలకు అభిమాన సంఘాలున్నట్టే మన ప్రాంతంలో బండ్లకూ అభిమానులున్నారు. వీరికి బోర్డులూ, జెండాలూ లేవు, అంతే తేడా. తిరుపతి రైల్వేస్టేషను ముందర గాని, పీలేరు, పలమనేరు టీ అంగళ్ళ దగ్గర గాని నలుగురు డ్రైవర్లు చేరితే చాలు, వాదన మొదలవుతుంది. టాటా బండి నడిపేవాడు లేలాండును ఒప్పుకోడు. మహీంద్రా వాడి చెవికి టయోటా పొగడ్త ఎక్కదు. వినేవారికి ఇది పొద్దుపోయే కబురు. కాని రెండెకరాలు కుదువపెట్టి, ఫైనాన్సు తెచ్చి బాడుగ బండి కొనబోయే పల్లెటూరి కుర్రవాడికి మాత్రం ఇది కూటి సంగతి. కంతులు తప్పితే బండి పోతుంది. బండితో పాటు కుదువలో ఉన్న భూమికీ ముప్పే.

ఈ వాదనల్లో తరచూ దొర్లే మాట ‘టర్బో’. టర్బో ఉంటే కొండ అలవోకగా ఎక్కవచ్చునని ఒకరంటారు. టర్బో చెడితే ఇల్లు గుల్ల అని మరొకరంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అసలు ఆ టర్బో ఏమిటి, ఏ బండి ఎవరికి పనికొస్తుంది, ఈ అభిమానాల వెనుక ఉన్న లెక్క ఏమిటి అన్నది మన పల్లెల్లో బండ్లు కొనేవారూ, నడిపేవారూ తెలుసుకోదగిన విషయం.

కొలిమి తిత్తి లాంటిదే

కమ్మరి కొలిమి చూడని పల్లెటూరివారుండరు. బొగ్గులు ఎన్ని పోసినా తిత్తి ఊదనిదే మంట లేవదు. ఇంజనుదీ ఇదే కథ. డీజిలు మండాలంటే గాలి కావాలి. మామూలు ఇంజను తాను పీల్చుకున్న గాలితోనే సరిపెట్టుకుంటుంది. టర్బో ఇంజనుకు ఊదడానికి తిత్తి ఉంటుంది. ఆ తిత్తిని నడిపేది కూడా వృథాగా పోయే పొగే. ఇంజను నుంచి సైలెన్సరుకు పోయే దారిలో ఒక చిన్న చక్రం ఉంటుంది. వేడి పొగ విసురుకు అది తిరుగుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న మరో చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజనులోకి నెడుతుంది. గాలి ఎక్కువైతే డీజిలు కూడా ఎక్కువ మండించవచ్చు. ఇంజను సైజు పెరగకుండానే బలం పెరుగుతుంది.

ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరగగలదు. ఒత్తిడికి వేడెక్కిన గాలిని చల్లబరచడానికి చాలా బండ్లలో రేడియేటరు వంటి ‘ఇంటర్‌కూలర్’ కూడా అమరుస్తారు. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లోనే ఈ ఉపాయానికి పేటెంటు పొందాడు. మన పల్లె రోడ్ల మీదికి రావడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది.

అంబాసిడర్ నుంచి ఇన్నోవా దాకా

ఒకప్పుడు టాక్సీ అంటే అంబాసిడరే. దాని 1.5 లీటర్ల డీజిలు ఇంజను బలం 40 అశ్వశక్తికి లోపే. అయినా ఏ ఊరి మెకానిక్ అయినా విప్పి బిగించగల బండి గనుక దాన్ని నమ్ముకుని కుటుంబాలు బతికాయి. హిందుస్థాన్ మోటార్స్ 2014లో ఆ కారు తయారీ ఆపింది. 1994లో టాటా సుమో వచ్చింది. పది మందిని ఎక్కించుకుని పోయే ఈ బండి పల్లె బాడుగలకు తగినట్టు కుదిరింది. 2000లో మహీంద్రా బొలేరో, అదే సంవత్సరం టయోటా క్వాలిస్ వచ్చాయి.

టర్బో వల్ల కలిగే తేడా చూడాలంటే క్వాలిస్‌ను, 2005లో దాని స్థానంలో వచ్చిన ఇన్నోవాను పక్కపక్కన పెట్టి చూడాలి. క్వాలిస్ ఇంజను సుమారు 2.4 లీటర్లు, టర్బో లేదు, బలం 75 అశ్వశక్తి. ఇన్నోవా ఇంజను సుమారు 2.5 లీటర్లు, టర్బో ఉంది, బలం 102. సైజు దాదాపు ఒకటే, బలం మూడో వంతుకు పైగా పెరిగింది. ఇందులో డీజిలును ఎక్కువ ఒత్తిడితో చిమ్మే ‘కామన్ రైల్’ పద్ధతికీ వాటా ఉంది. మొత్తం ఘనత టర్బోదే అనడం సరికాదు.

పెట్రోలు కార్లలోనూ ఇదే వరస. మన రాయలసీమలోనే పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో వెలువడిన సెల్టోస్ కారులో టర్బో లేని 1.5 లీటర్ల పెట్రోలు ఇంజను 115 అశ్వశక్తి ఇస్తే, అంతకన్నా చిన్నదైన 1.4 లీటర్ల టర్బో ఇంజను 140 ఇచ్చింది.

కొండదారి పరీక్ష

మన ప్రాంతం చదును నేల కాదు. తిరుమల సముద్రమట్టానికి సుమారు 2,800 అడుగుల ఎత్తున ఉంది. హార్స్‌లీ హిల్స్ 4,000 అడుగులు దాటింది. చిత్తూరు నుంచి పలమనేరు పోవాలంటే మొగిలి ఘాట్, తిరుపతి నుంచి పీలేరు పోవాలంటే భాకరాపేట ఘాట్ ఎక్కాలి. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. టర్బో లేని ఇంజను వెయ్యి అడుగులకు నూటికి 3 వంతుల చొప్పున బలం పోగొట్టుకుంటుందని ఇంజనీర్ల లెక్క. తిరుమల చేరేసరికి నూటికి 8 వంతులు తగ్గినట్టే. టర్బో ఆ లోటును చాలావరకు పూడుస్తుంది. ఏడుగురు భక్తులు, వారి పెట్టెబేడాలతో కొండెక్కే బండికి ఇది చిన్న సాయం కాదు.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. పొగ విసురు చాలినంత లేనిదే టర్బో ఊదదు. మలుపులో బండి నెమ్మదించి, ఇంజను చుట్లు పడిపోతే టర్బో కొంతసేపు నిద్రపోతుంది. పాత సుమో, పాత జీపు నడిపి అలవాటుపడినవారు పెద్ద గేరులోనే మలుపు తిప్పి, బండి ఈడ్చకపోతే ‘‘దీనికి పుల్లింగ్ లేదన్నా’’ అనేస్తారు. మలుపుకు ముందే ఒక గేరు తగ్గిస్తే అదే బండి చక్కగా ఎక్కుతుంది. కొత్త ఎద్దుకు పాత ఎద్దు నడక నేర్పబోతే కాడి కుదరదు.

అభిమానం వెనుక లెక్క

డ్రైవర్ల అభిమానాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం పట్నవాసుల పొరపాటు. లారీలనే తీసుకోండి. టాటావారు 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్ సహకారంతో జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టారు. ఆ ఒప్పందం 1969లో ముగిసినా ‘బెంజి లారీ’ అనే పేరు పాతతరం నోళ్ళలో నిలిచింది. అశోక్ లేలాండ్‌ది మద్రాసు. ఎన్నూరులో, కుప్పానికి దగ్గరైన హోసూరులో దాని ఫ్యాక్టరీలున్నాయి. మన ప్రాంతం నుంచి మామిడి, బెల్లం, టమోటా వేసుకుని మద్రాసుకు, బెంగుళూరుకు పోయే లారీకి దారిలో చెడిపోతే సామాను దొరకడమే ముఖ్యం. లోడు టమోటా ఒక రోజు ఆగితే పారబోసుకోవలసిందే. కనుక ‘నాకు ఫలానా బండే కావాలి’ అన్న మాటకు అర్థం ‘ఆ బండి మెకానిక్ నా దారిలో ఉన్నాడు’ అని.

రెండో లెక్క అమ్మకం ధర. అయిదారేళ్ళు తిప్పి అమ్మినప్పుడు ఏ బండికి గిరాకీ ఉందో డ్రైవరుకు తెలుసు. మూడోది గురువు. క్లీనరుగా చేరి ఏ బండి మీద స్టీరింగు పట్టడం నేర్చాడో, ఆ బండి శబ్దమే అతనికి పాఠం. శబ్దం మారితే ఏ భాగంలో జబ్బో చెప్పగలడు. ఆ జ్ఞానాన్ని వదులుకుని మరో కంపెనీ బండి ఎక్కడమంటే మళ్ళీ ఒకటో తరగతిలో చేరడమే.

అభిమానం ఎక్కడ దెబ్బతీస్తుంది?

చిక్కంతా బండి పేరు మారకుండా ఇంజను మారినప్పుడు వస్తుంది. పేరు బొలేరోయే, లోపల టర్బో వచ్చి కూర్చుంది. పేరు టాటాయే, పాత 1210 లారీ వేరు, ఇప్పటి లారీ వేరు. పొగ నియమాలు కఠినమయ్యేకొద్దీ డీజిలు బండ్లన్నింటికీ టర్బో తప్పనిసరి వంటిదైంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.6 నియమాలు అమలుకు వచ్చాయి. అప్పటి నుంచి పొగగొట్టంలో వడపోతలు, సెన్సర్లు కూడా పెరిగాయి. మారుతీ కంపెనీ ఆ సమయంలోనే డీజిలు కార్లు మానుకుంది. డిజైర్ డీజిలును నమ్ముకున్న టాక్సీవారు వేరే దారి చూసుకోవలసి వచ్చింది. పాత బండి మీద ప్రేమతో, పాత పద్ధతిలోనే కొత్త ఇంజనును నడిపితే జేబుకు చిల్లు పడుతుంది. టర్బో మార్చాలంటే వేలకు వేలు కావాలి. చిన్న యజమానికి అది రెండు మూడు కంతుల సొమ్ము.

టర్బో బండికి మర్యాదలు

నాలుగు జాగ్రత్తలు పాటిస్తే టర్బో చాలాకాలం మన్నుతుంది.

మొదటిది, పొద్దున స్టార్టు చేయగానే యాక్సిలరేటరు తొక్కి రేసు చేయరాదు. ఇరుసుకు ఆయిలు చేరేదాకా అర నిమిషమైనా ఊరక తిరగనివ్వాలి. అంత వేగంగా తిరిగే ఇరుసుకు ఆయిలు పొరే ఆధారం.

రెండోది, మిట్ట ఎక్కి వచ్చిన వెంటనే ఇంజను ఆపరాదు. టర్బో అప్పటికి నిప్పులా కాలుతూ ఉంటుంది. ఇంజను ఆపితే ఆయిలు ఆగి, ఉన్న ఆయిలు మాడి బొగ్గు కడుతుంది. ఒకటి రెండు నిమిషాలు నెమ్మదిగా తిరగనిచ్చి ఆపాలి. ఆ రెండు నిమిషాల డీజిలు దండగ కాదు.

మూడోది, ఆయిలు కంపెనీ చెప్పిన రకమే, చెప్పిన గడువుకే మార్చాలి. ధర తక్కువని దొరికిన ఆయిలు పోస్తే మొదట దెబ్బతినేది టర్బోయే.

నాలుగోది, గాలి ఫిల్టరు. మామిడి తోటల మట్టిదారులు, ఇటుక బట్టీలు, క్వారీల మధ్య తిరిగే బండికి దుమ్మే శత్రువు. ఫిల్టరు చిరిగి దుమ్ము లోపలికి పోతే చక్రం రెక్కలు అరుగుతాయి.

నీలిపొగ వస్తే ఆయిలు మండుతోందని గుర్తు. నల్లపొగ వచ్చి బలం తగ్గితే గాలి ఎక్కడో కారిపోతుండవచ్చు. కొత్తగా ఈల శబ్దం వినిపిస్తే ఆలస్యం చేయకుండా మెకానిక్‌కు చూపించాలి.

దిగేటప్పుడు అసలు పరీక్ష

ఎక్కడంలో బలహీనత బయటపడితే సిగ్గు. దిగడంలో బయటపడితే ప్రాణం. తిరుమల నుంచి దిగేది 1944లో తెరచిన పాత ఘాట్‌రోడ్డు మీదనే. ఎక్కడానికి రెండో ఘాట్‌రోడ్డు ఉంది. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వేసి, కొందరు ఇంజనే ఆపి దిగడం నేటికీ వినవస్తోంది. ఇది ఆత్మహత్యా ప్రయత్నమే. ఇంజను ఆగితే కార్లలో బ్రేకుకు సాయంచేసే వాక్యూం పంపు ఆగుతుంది, పవర్ స్టీరింగు బిగుసుకుంటుంది. లారీల్లో బ్రేకుకు గాలి నింపే కంప్రెసరు ఆగుతుంది. న్యూట్రల్‌లో బండి బరువంతా బ్రేకుల మీదే పడి అవి కాలి పట్టు వదులుతాయి. పైగా కొత్త ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలితే డీజిలు సరఫరాను తామే నిలిపివేస్తాయి. కనుక న్యూట్రల్ వల్ల మిగిలేది కూడా ఏమీ లేదు.

ఏ గేరులో ఎక్కితే ఆ గేరులో దిగమన్న పెద్ద డ్రైవర్ల మాట టర్బో వచ్చినా మారలేదు. 2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో నిశ్చితార్థానికి వస్తున్నవారి బస్సు లోయలో పడింది. 2024 సెప్టెంబరులో మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సు, లారీ ఢీకొన్నాయి. ఈ ఘాట్ రోడ్ల మీద ఎంత జాగ్రత్తపడినా ఎక్కువ కాదని ఆ రెండు దుర్ఘటనలూ చెబుతాయి.

కొనేముందు అడగవలసినవి

బండి కొనేవారు పేరు అడిగేముందు తమ పని అడగాలి. రోజూ కొండ బాడుగలా, ఊళ్ళ మధ్య పాల క్యాన్లా, ఏడాదికి రెండు నెలల మామిడి లోడా? ఎంత బరువు, ఎంత దూరం? పది కిలోమీటర్ల లోపు తిరుగుడే అయితే ఇంజను కాగేలోపే ఆగిపోతుంది, కొత్త డీజిలు బండి వడపోతలు పూడుకుపోతాయి. అటువంటివారికి టర్బో డీజిలు కన్నా సాదా పెట్రోలు బండి నయం. ఆ బండి సామాను మీ ఊరికి దగ్గరలో దొరుకుతుందా? ఆ ఇంజను విప్పడం నేర్చిన మెకానిక్ ఉన్నాడా? సెకండ్‌హ్యాండ్ బండి అయితే టర్బోకు పోయే గొట్టాల్లో ఆయిలు తడి ఎంత ఉంది? ఈ ప్రశ్నలకు జవాబు దొరికాకే ఫైనాన్సు కాగితం మీద సంతకం పెట్టాలి.

ఈలోగా కాలం కూడా ఆగడం లేదు. 2016లో శ్రీసిటీలో ఇసుజు ఫ్యాక్టరీ తెరిచారు. టర్బో డీజిలు పికప్ బండ్లు మన గడ్డ మీదే తయారయ్యాయి. 2022 సెప్టెంబరులో తిరుమల ఘాట్‌లో ఆర్టీసీ విద్యుత్ బస్సులు మొదలయ్యాయి. వాటికి టర్బో లేదు, పొగా లేదు. రేపటి కుర్రవాళ్ళు టీ అంగడి దగ్గర బ్యాటరీల మీద వాదించుకుంటారేమో.

అప్పటిదాకా నచ్చిన కంపెనీ పేరు అద్దం మీద గర్వంగా రాసుకోవచ్చు, తప్పులేదు. కాని కంతు కట్టేది బాడుగ డబ్బు. ఆ బాడుగ తెచ్చేది వేళకు మార్చిన ఆయిలు, సరైన గేరు, ఇంటికి క్షేమంగా చేరిన ప్రయాణికుడు.