మీకు తెలుసా? టాపర్ నోట్స్ కొనుక్కుంటే సగమే దక్కుతుంది

సివిల్స్ మెయిన్స్‌లో తప్పనిసరి ఇంగ్లిష్ పేపరుకు 300 మార్కులు. 25 శాతం, అంటే 75 వస్తే గట్టెక్కినట్టే. ఆ పేపర్లో ఒక్క ప్రెసీ ప్రశ్నకే 75 మార్కులు! ఇచ్చిన వ్యాసాన్ని సొంత మాటల్లో మూడో వంతుకు కుదించాలి. శీర్షిక పెట్టకూడదు. అర్హత పేపరే కదా అని దీన్ని ఆఖరి వారానికి నెట్టేసేవాళ్లు హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టళ్లలో తక్కువేం కాదు.

అసలు చదువులో కుదింపు పనికొస్తుందా? 2013లో పరిశోధకుడు జాన్ డన్‌లాస్కీ బృందం పది చదువు పద్ధతుల మీద వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టింది. పసుపు హైలైటర్‌కి, మళ్లీ మళ్లీ చదవడానికి అట్టడుగు స్థానమే దక్కింది. విచిత్రమేమిటంటే సారాంశం రాయడం కూడా అక్కడే ఉంది. ఎలా రాయాలో తెలిసినవాళ్లకు అది మేలే చేస్తుంది, తెలియనివాళ్లు మాత్రం పుస్తకంలోని వాక్యాలనే కాస్త పొట్టిగా ఎత్తి రాస్తారు. పై స్థానం దేనిదంటారా? తనకు తాను పరీక్ష పెట్టుకోవడానిది, చదువును రోజుల మీద పంచుకోవడానిది.

అంతకుముందు, 2006లో, రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు ఓ ప్రయోగం చేశారు. టోఫెల్ గైడులోంచి సూర్యుడి మీద ఒకటి, సీ ఆటర్ల మీద ఒకటి పాఠాలు తీసుకుని విద్యార్థులకిచ్చారు. కొందరు రెండోసారి చదివారు, కొందరు కాగితం పక్కన పెట్టి గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత చదివినవాళ్లదే పైచేయి. వారం గడిచేసరికి చదివినవాళ్లకు 42 శాతం గుర్తుంటే, రాసినవాళ్లకు 56 శాతం! మన పరీక్షలేమో నెలల తర్వాత కదా.

నోట్సుతోనే ఇలా పరీక్ష పెట్టుకునే కార్నెల్ నోట్స్ పేరు వినే ఉంటారు. వాల్టర్ పాక్ అనే ఆచార్యుడు నేర్పిన పద్ధతి అది. పేజీకి ఎడమవైపు రెండున్నర అంగుళాలు, కింద రెండంగుళాలు వదలాలి. పాలిటీలో ఆర్థిక సంఘం చదువుతున్నారనుకోండి. కుడివైపు: 280వ అధికరణం, నియమించేది రాష్ట్రపతి, అధ్యక్షుడు కాక నలుగురు సభ్యులు, ఐదేళ్లకోసారి. ఎడమవైపు ప్రశ్నలే: ‘ఎవరు వేస్తారు? ఎందరు?’ కింద రెండు వాక్యాల్లో సారం. రివిజన్‌లో కుడివైపు అరచేత్తో మూసేసి, ఎడమవైపు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి.

జిరాక్స్ షాపుల్లో స్పైరల్ బైండింగ్ చేసి అమ్మే టాపర్ నోట్స్‌తో చిక్కు ఇక్కడే. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని తేల్చుకునే కష్టం ఆ టాపర్ పడ్డాడు, లాభమూ అతనికే పోయింది. మనకు మిగిలింది చదవడానికి ఇంకో పుస్తకం.

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లేవాళ్లు రేపు ఒక్క అధ్యాయానికి ఇది చేసి చూడండి. తెలుగు అకాడమి పుస్తకమైనా సరే. పేరాకో మాట మార్జిన్లో రాసుకోండి. పుస్తకం మూసి, గుర్తున్నంత రాయండి. తెరిచి, తప్పిపోయినవి ఎర్ర ఇంకుతో చేర్చండి. నాలుగు రోజులు పోయాక ముందు చదవాల్సింది ఆ ఎర్ర అక్షరాలనే.