ఫ్లోరెన్స్ చుట్టూ దూరాల లెక్క

ఫ్లోరెన్స్ నుంచి సాన్ జిమిన్యానోకు రోడ్డు మీద 50 కిలోమీటర్లకు కాస్త పైన. బొలోన్యాకు 100 పైనే. అయినా చేరడానికి ఏది దగ్గరంటే బొలోన్యాయే. సాంతా మారియా నొవెల్లా స్టేషన్లో హైస్పీడ్ రైలెక్కితే సుమారు 40 నిమిషాల్లో అక్కడ దిగుతారు. సాన్ జిమిన్యానోకు అసలు రైలే లేదు. పొజ్జిబొన్సిలో దిగి బస్సు మారాలి, మొత్తం గంటన్నర పైమాటే. పటం మీద స్కేలు పెట్టి యాత్ర వేసుకునేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

ఈ తిరకాసంతా కొండలది. ఫ్లోరెన్స్‌కూ బొలోన్యాకూ మధ్య అపెనైన్ పర్వతాలు అడ్డం. 2009 చివర్లో తెరిచిన హైస్పీడ్ మార్గం వాటి పొట్టలోంచి దూసుకుపోతుంది. 78 కిలోమీటర్ల చిల్లరలో 70కి పైగా సొరంగాలే, కాబట్టి కిటికీ సీటు కోసం పోటీ పడి లాభం లేదు. ఫ్లోరెన్స్‌కు దక్షిణాన కథ వేరు. శత్రుభయంతో మధ్యయుగాల వాళ్లు ఊళ్లను గుట్టలెక్కించారు, తర్వాతెప్పుడో వచ్చిన రైలు లోయల్లోనే ఉండిపోయింది. సియెనా స్టేషన్ కూడా ఊరికి దిగువనే. అందుకే ఆ ఊరికి బస్సే మేలు. గంటంబావులో పాత ఊరి అంచుకు చేరుస్తుంది. రైలైతే గంటన్నర, ఆపైన గుట్టెక్కే పని.

పీసాకు మామూలు ప్రాంతీయ రైల్లో సుమారు గంట. అక్కడి వాలిన గోపురం చరిత్ర అంకెల్లోనే బాగా తెలుస్తుంది. 1173లో పని మొదలైంది. మూడో అంతస్తు దాకా వచ్చేసరికే కింది మెత్తటి నేల ఒకవైపు కుంగింది. యుద్ధాల వల్ల పని దశాబ్దాల తరబడి ఆగడం ఒకరకంగా కలిసొచ్చింది. ఆ విరామంలో నేల గట్టిపడింది, లేకుంటే గోపురం అప్పుడే కూలేదని ఇంజినీర్ల మాట. పూర్తవడానికి దాదాపు 200 ఏళ్లు పట్టింది. ఎత్తు సుమారు 56 మీటర్లు. వాలు ఐదున్నర డిగ్రీలకు చేరడంతో 1990లో సందర్శకులను ఆపేశారు. ఆ తర్వాత చేసిన వైద్యం విచిత్రమైనది. వాలిన దక్షిణం వైపు ఎత్తకుండా, ఉత్తరం వైపు పునాది కింద నుంచి మట్టిని కొద్దికొద్దిగా తోడేశారు. గోపురం వెనక్కి సర్దుకుంది. ఇప్పుడు వాలు 4 డిగ్రీలు. 2001 డిసెంబరులో మళ్లీ తలుపులు తెరిచారు.

ఇంత చరిత్ర ఉన్నా, నన్నడిగితే పీసాకు పూట చాలు. మిగతా పూట లుక్కాకు ఇవ్వండి. పీసా నుంచి రైల్లో అరగంట. ఊరి చుట్టూ 4 కిలోమీటర్లకు పైగా సాగే కోటగోడ మీద చెట్ల నీడన సైకిలు తొక్కవచ్చు. లుక్కా రైళ్లు చాలావరకు పీసా సాన్ రొస్సోరెలో ఆగుతాయి. ప్రధాన స్టేషన్ కన్నా అదే గోపురానికి దగ్గర.

చింక్వె తెర్రెను మాత్రం ఒక్క రోజులో కుక్కవద్దు. సముద్రపు కొండచరియల మీది ఆ 5 పల్లెలకు లా స్పెత్సియా మీదుగా వెళ్లడానికి రెండున్నర గంటలు, రావడానికి అంతే. జూన్‌లో పగలు 15 గంటలకు పైన కాబట్టి మొండిగా లాగించవచ్చు. డిసెంబరులో పగలే 9 గంటలకు తక్కువ, అందులో 5 రైలుకే పోతే చూసేదేముంది? అక్కడ ఒక రాత్రయినా ఉండాలి. పల్లె నుంచి పల్లెకు రైల్లో నిమిషాల పనే.

సియెనాలోనూ రాత్రి బస దండగ కాదు, సాయంత్రం బస్సులు వెళ్లిపోయాక వీధులు ఖాళీ అవుతాయి. జూలై 2, ఆగస్టు 16 తేదీల్లో మాత్రం ఈ లెక్క చెల్లదు. ఆ రోజుల్లో పాలియో గుర్రప్పందెం. ఊళ్లోని 17 పేటల్లో 10 పోటీకి దిగుతాయి. మైదానం చుట్టూ 3 చుట్లు, అటూ ఇటుగా నిమిషంన్నర. దానికోసం మైదానం నడుమ ఎండలో గంటల తరబడి నిలబడాలి, ప్రవేశం మాత్రం ఉచితం.

ఇక డబ్బు. ప్రాంతీయ రైలు ధర ముందు కొన్నా, అప్పటికప్పుడు కొన్నా ఒకటే. హైస్పీడ్ రైలుకు ఆలస్యమయ్యేకొద్దీ పెరుగుతుంది. ప్రాంతీయ రైలుకు కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గరి యంత్రంలో ముద్ర వేయించాలి, మరిచిపోతే జరిమానా. కారు తీసుకుంటే మన లైసెన్సుతోపాటు అంతర్జాతీయ అనుమతి పత్రం కావాలి. పాత ఊళ్ల నడిబొడ్డున అనుమతి లేని బండ్లకు ప్రవేశం ఉండదు. ఆపే పోలీసు కనిపించడు, కెమెరా నంబరు పట్టేస్తుంది. నోటీసు నెలల తర్వాత ఇంటికొస్తుంది.