గూడబాతు లేస్తే గుడ్డు దక్కదు
నేలపట్టులో ఫొటోల మోజుకు హద్దు ఉండాలి

దొరవారిసత్రం: వానలు పడి చెరువు నిండితే చాలు, నేలపట్టుకు రెండు రకాల చుట్టాలు దిగుతారు. రెక్కలున్నవారు ఒకరు, మెడలో కెమెరా ఉన్నవారు మరొకరు. మొదటివారు వచ్చేది పిల్లల్ని పెంచుకోవడానికి. ఆ సంగతి రెండోవారు మరిస్తేనే చిక్కు.

తిరుపతి జిల్లాలో నాయుడుపేట, సూళ్లూరుపేటల మధ్య ఉన్న నేలపట్టు 1976లో పక్షుల రక్షిత కేంద్రమయింది. విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. నీళ్లలో నిలిచిన కడప చెట్లపై అక్టోబరు నుంచి మార్చి దాకా గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు గూళ్లు కడతాయి. గూడబాతు రెండు మూడు గుడ్లు పెట్టి నెల రోజులు పొదుగుతుంది. పులికాట్‌లో పట్టిన చేపలను తెచ్చి పిల్లలకు పెడుతుంది. పిల్ల తన తలను తల్లి ముక్కు కింది సంచిలోకి దూర్చి తినే దృశ్యం కోసమే ఫొటోగ్రాఫర్లు గంటల తరబడి కాచుకుంటారు.

పొద్దున్నే వస్తేనే బొమ్మ బాగా వస్తుంది. ఎండ ముదిరితే తెల్ల కంకణం రెక్కలు సున్నం కొట్టినట్టు పడతాయి. ఎండను వీపు వైపు ఉంచుకుని నిలబడాలి. ఎగిరే పక్షి చెదరకుండా రావాలంటే షట్టరు సెకనులో వెయ్యోవంతైనా ఉండాలి. పొడవాటి లెన్సు ఉంటే కట్ట మీది నుంచి, వాచ్ టవర్ నుంచి తీసినా చాలు.

అది లేనివారికే దగ్గరకు పోవాలన్న ఆశ. ఎగిరే బొమ్మ కోసం చప్పట్లు కొడితే తల్లి గూడు వదిలి లేస్తుంది. ఆ కాసేపట్లోనే కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది. ఈకలు రాని పిల్ల ఎండకు తాళలేదు.

చట్టమూ ఇదే చెబుతోంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 'వేట' అన్న మాటకు ఇచ్చిన అర్థంలో పక్షుల గుడ్లను, గూళ్లను కదిలించడం కూడా ఉంది. చేతిలో తుపాకీ లేకున్నా వేట వేటే. అభయారణ్యాల్లో ఫొటోలకు అనుమతి కూడా తీసుకోవాలి.

ఊరివారికి ఇవి పరాయి పక్షులు కావు. రెట్ట కలిసిన చెరువు నీరు పైరుకు ఎరువు. అందుకే ఇక్కడి రైతులు వీటిని తమవిగా కాపాడుకుంటూ వచ్చారు.

వచ్చేవారు ఒక్క గుర్తు పెట్టుకుంటే చాలు. గూటిలోని పక్షి మెడ ఎత్తి మనవైపే చూస్తోందంటే అక్కడితో ఆగాలి, మెల్లగా వెనక్కి తగ్గాలి. అది మళ్లీ తల దించి కూర్చున్నాకే కెమెరా ఎత్తాలి.