శనివారం మునక, ఆదివారం విమానం

ఫుజైరా తీరంలో స్కూబా డైవింగ్‌కి పేరు రాయించుకోబోతే ముందు ఆరోగ్యం గురించి ఒక ఫారం చేతికిచ్చారు. ఉబ్బసం ఉందా, మూర్ఛ ఎప్పుడైనా వచ్చిందా, గుండెకీ చెవులకీ ఏమైనా చికిత్స జరిగిందా అని అందులో ప్రశ్నలు. నింపి ఇచ్చాక ఇన్‌స్ట్రక్టర్ ఇంకో మాట అడిగాడు. "మళ్ళీ విమానం ఎప్పుడెక్కుతున్నారు?" ఆదివారం రాత్రి హైదరాబాద్‌కి టికెట్ ఉందన్నాను. ఆయన వేళ్ళ మీద గంటలు లెక్కపెట్టుకుని, "ఇవాళ రెండుసార్లు దిగండి. రేపు మాత్రం నీళ్ళలోకి వద్దు" అన్నాడు. రెండు రోజులూ దిగాలని దుబాయ్ నుంచి ఆశపడి వెళ్ళినదాన్ని, అప్పటికి మనసు చివుక్కుమంది. ఆ లెక్క అర్థమయ్యాక, పరదేశంలో ఉంటూ వారాంతంలో సముద్రంలో దిగాలనుకునే ప్రతి తెలుగువారికీ అది చెప్పి తీరాలనిపించింది.

యూఏఈలో 2022 జనవరి నుంచి ప్రభుత్వ కార్యాలయాలకి శుక్రవారం సగం పూట పని, శని ఆదివారాలు సెలవు. చాలా ప్రైవేటు ఆఫీసులూ శని ఆదివారాలకే మారాయి. నిర్మాణ పనుల్లో ఉన్న మన నిజామాబాద్, జగిత్యాల వాళ్ళలో చాలామందికి ఇప్పటికీ వారానికి ఒక్క రోజే సెలవు. ఆ ఒక్క రోజుకీ ఈ లెక్క వర్తిస్తుంది.

ఏడు ఎమిరేట్లలో తూర్పు తీరం మీదే పూర్తిగా ఉన్నది ఫుజైరా ఒక్కటే. దుబాయ్ నుంచి హజర్ కొండలను దాటుకుంటూ రెండు గంటల లోపే చేరొచ్చు. దుబాయ్ వైపు సముద్రానికి లోతు చాలా తక్కువ. ఆ గల్ఫ్ సగటు లోతు సుమారు 35 మీటర్లు. కొండలు దాటితే కనిపించేది ఒమన్ గల్ఫ్. అది హిందూ మహాసముద్రానికి తెరుచుకుని ఉంటుంది, లోతైన చోట 3,000 మీటర్లు దాటుతుంది. అల్ అఖా దగ్గర ఒడ్డు నుంచి ఈదుకుంటూ చేరగలిగేంత దూరంలో ఒక రాతిగుట్ట ఉంది. కార్టూన్ కుక్క స్నూపీ వెల్లకిలా పడుకున్నట్టుంటుందని దాన్ని స్నూపీ ఐలాండ్ అంటారు. దాని చుట్టూ నీళ్ళలో తాబేళ్ళు, రెక్క చివర నల్లగా ఉండే చిన్న సొరచేపలు, రాళ్ళ సందుల్లోంచి తల బయటపెట్టే మోరే ఈల్స్ కనిపిస్తాయి. పగడాలు మాత్రం ఒకప్పటిలా లేవు. 2007 జూన్‌లో గోను తుఫాను కొట్టింది. అది తేరుకోకముందే 2008-09లో నెలల తరబడి ఎర్రనాచు కమ్మి చేపలనూ పగడాలనూ చంపింది. చచ్చిన పగడపు దిబ్బ పక్కనే వేలెడంత కొత్త కొమ్మ మొలకెత్తి ఉంటే, దాని మీద కాలు పడకూడదని ఎంత జాగ్రత్తగా కదిలానో నాకే తెలుసు.

నీళ్ళలోకి దిగగానే ముందు తెలిసేది ఒత్తిడి. ఒడ్డున మన మీద ఒక వాతావరణ పీడనం ఉంటుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్లకీ ఇంకొకటి చేరుతుంది. 10 మీటర్ల దగ్గర రెండింతలు, 20 దగ్గర మూడింతలు. 17వ శతాబ్దంలో రాబర్ట్ బాయిల్ చెప్పినట్టు, పీడనం రెట్టింపైతే గాలి సగానికి నలుగుతుంది. చెవి లోపలి గాలి అలా నలిగి కర్ణభేరి లోపలికి వంగుతుంది కాబట్టి రెండు మీటర్లు దిగేసరికే నొప్పి మొదలవుతుంది. ముక్కు మూసుకుని మెల్లగా ఊదితే గొంతు నుంచి చెవికి గాలి వెళ్ళి నొప్పి పోతుంది. నొప్పి రాకముందే, దిగుతున్నంతసేపూ ఇలా చేస్తూ ఉండాలి. జలుబు ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. అందుకే జలుబుతో దిగొద్దంటారు.

కొండలకి అటు, దుబాయ్ వైపు గల్ఫ్‌లో ఒకప్పుడు ఏ గాలి పరికరమూ లేకుండా మునిగినవాళ్ళున్నారు. ముత్యపు చిప్పల కోసం దిగే మనిషిని అరబ్బీలో గవ్వాస్ అంటారు. ముక్కుకి బిగింపు, కాలికి రాయి, నడుముకి తాడు, గుక్కెడు ఊపిరి, ఇవే అతని సరంజామా. పైన పడవలో తాడు పట్టుకుని అతన్ని లాగేవాడు సైబ్. వేసవి నెలలంతా ఇదే పని, తీసుకున్న అప్పు తీర్చడానికి. ఆ ముత్యాల్లో కొన్ని బస్రా ముత్యాలన్న పేరుతో హైదరాబాద్ చేరి నిజాం ఖజానాకీ చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టి దుకాణాలకీ వెళ్ళాయి. 1930ల్లో జపాన్ పెంపకపు ముత్యాలు, ప్రపంచ ఆర్థికమాంద్యం కలిసి ఆ వృత్తిని దాదాపు తుడిచిపెట్టాయి. మా అమ్మమ్మ మెడలోని ముత్యాల పేట ఏ సముద్రం నుంచి వచ్చి ఉంటుందో ఫుజైరా నీళ్ళలో నిలబడేదాకా నాకు తట్టనేలేదు.

గవ్వాస్‌కీ స్కూబా డైవర్‌కీ నియమం సరిగ్గా తలకిందులు. అతను ఊపిరి బిగబట్టాలి. మనం ఎప్పుడూ బిగబట్టకూడదు. అతను పైన పీల్చిన గాలి లోతుకి వెళ్ళి నలిగి, పైకొచ్చేటప్పటికి మళ్ళీ మొదటి పరిమాణానికే వస్తుంది. మనం లోతులోనే గాలి పీలుస్తాం. 1943లో జాక్ కూస్తో, ఎమీల్ గన్యాన్ రూపొందించిన రెగ్యులేటర్ చేసే పనే అది. సిలిండర్‌లోని గాలిని చుట్టూ ఉన్న నీటి పీడనానికి సమానంగా నోటికి అందిస్తుంది. 10 మీటర్ల దగ్గర నిండుగా పీల్చి, ఊపిరి బిగబట్టి పైకొస్తే ఆ గాలి రెండింతలవుతుంది, ఊపిరితిత్తులు చిరుగుతాయి. అందుకే కొత్తవాళ్ళకి చెప్పే మొదటి మాట, చివరి మాట కూడా, 'ఊపిరి ఆపకండి' అనే.

డైవర్ సిలిండర్‌ని ఆక్సిజన్ సిలిండర్ అనడం మనవాళ్ళకి అలవాటు. మామూలుగా అందులో ఉండేది మనం రోజూ పీల్చే గాలే, బాగా కుక్కి నింపింది. అచ్చమైన ఆక్సిజన్ ఆరు మీటర్లు దాటితే విషమై మూర్ఛ తెప్పించగలదు. గాలిలో 78 శాతం నత్రజని. ఒడ్డున అది వచ్చినట్టే వచ్చి పోతుంది. లోతులో పీడనం పెరిగేకొద్దీ రక్తంలో, కొవ్వులో, కీళ్ళలో కరుగుతూ పోతుంది. గోలీసోడా సంగతి మనకి తెలుసు కదా. గోలీ బిగుసుకుని ఉన్నంతసేపూ లోపల గ్యాస్ నీళ్ళలో కలిసే ఉంటుంది. గోలీ నొక్కగానే బుసబుసమంటూ బుడగలు. డైవర్ గబగబా పైకొస్తే ఒంట్లో జరిగేది అదే. ఆ బుడగలు కీళ్ళలో చేరితే నొప్పి, వెన్నుపాములో చేరితే పక్షవాతం. దీన్నే డీకంప్రెషన్ జబ్బు అంటారు. 1908లో బ్రిటన్ శాస్త్రవేత్త జె.ఎస్. హాల్డేన్ బృందం మేకల మీద ప్రయోగాలు చేసి, అంచెలంచెలుగా పైకి రావడానికి పట్టికలు కట్టింది. ఇవాళ చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్ ఆ లెక్కల వారసత్వమే. నిమిషానికి 9 మీటర్లు మించకుండా పైకి రావడం, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం నత్రజనికి నెమ్మదిగా బయటపడే వ్యవధినివ్వడానికే.

నెమ్మదిగా వచ్చినా అంతా పోదు. మిగిలింది పోవడానికి గంటలు పడుతుంది. ఈలోగా విమానం ఎక్కితే? క్యాబిన్‌లో పీడనం సుమారు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున ఉన్న కొండ మీద ఉన్నంతే ఉంటుంది. సీసా గోలీ ఇంకొంచెం నొక్కినట్టే. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సలహా ప్రకారం మామూలుగా ఒక్కసారే దిగినవాళ్ళు విమానానికి ముందు కనీసం 12 గంటలు ఆగాలి. అంతకంటే ఎక్కువసార్లు, లేదా వరసగా రోజుల తరబడి దిగినవాళ్ళు కనీసం 18 గంటలు ఆగాలి. నా టికెట్ చూసి ఇన్‌స్ట్రక్టర్ వేళ్ళు లెక్కపెట్టింది ఇందుకే. ఆదివారం పొద్దున కూడా దిగి ఉంటే రాత్రి విమానానికి ఆ 18 గంటలు మిగిలేవి కావు.

విమానం ఒక్కటే కాదు. పొద్దున ఫుజైరాలో డైవింగ్, సాయంత్రం రస్ అల్ ఖైమాలో జెబెల్ జైస్ మీద చల్లగాలి అని ఒకే రోజుకి రెండూ పెట్టుకునే మిత్రులు నాకున్నారు. ఆ కొండ ఎత్తు 1,934 మీటర్లు. శిఖరం దగ్గరిదాకా కారు వెళుతుంది. ఒంటికి అదీ విమానమే. కొండ ముందు రోజు చూడండి, సముద్రంలోకి తర్వాత దిగండి.

ఈత రాదని మానుకోనక్కర్లేదు. ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉండి 12 మీటర్ల లోపు చూపించే పరిచయ డైవ్‌కి ఈత పరీక్ష లేదు. ఓపెన్ వాటర్ కోర్సుకి 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు తేలాలి. అది పూర్తయితే 18 మీటర్ల వరకూ వెళ్ళే అర్హత వస్తుంది. ఈ కోర్సుని ఒక్క వారాంతంలో ఇరికించకుండా రెండు వారాంతాలకి పంచుకోమంటాను.

ఊరికి వెళ్ళే ముందు వారాంతమైతే విమానం టికెట్ ముందు పెట్టుకుని, అక్కణ్ణుంచి వెనక్కి గంటలు లెక్కపెట్టుకున్నాకే డైవింగ్ బుక్ చేసుకోండి. పైకొచ్చాక ఆ రోజో మర్నాడో కీళ్ళనొప్పి, తిమ్మిర్లు, అంతులేని నిస్సత్తువ వస్తే అలసట అనుకుని పడుకోకండి, విమానం ఎక్కకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళి, నొప్పి సంగతి కంటే ముందు సముద్రంలో దిగిన సంగతి డాక్టరుకి చెప్పండి.